నట్టు అరిగితే తప్పెవరిది?

డీజిలు ఇంజను దాదాపు అంతా ఇనుమే. కానీ ట్యాంకు నుంచి ఫిల్టరుకీ, ఫిల్టరు నుంచి పంపుకీ డీజిలు తీసుకుపోయే దారి మాత్రం మెత్తన. రాగి గొట్టం, దాని కొసన ఇత్తడి నట్టు. ఆ నట్టుకి ఆరు ముఖాలు, ఆరు మూలలు. సరిపోని పానా పెట్టి ఒక్క గుంజు గుంజితే మూలలు అరిగి నట్టు గుండ్రమైపోద్ది. ఇక ఏ పానాకీ దొరకదు. అప్పుడు షెడ్డులో ఒక కేక లేస్తుంది: "ఎవడ్రా తిప్పింది?"

ముప్పై అయిదేళ్ళుగా ఈ కేక వింటున్నాను. "ఏ పానా ఇచ్చారు?" అని అడిగిన మనిషిని మాత్రం ఒక్కణ్ణే చూశాను. ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న దూరం గురించే నేను రాస్తున్నాను. ఇదేదో మెకానిక్కుల గొడవ అనుకుని పేజీ తిప్పేయకండి. పనిముట్టు ఒకడిదీ, చెయ్యి ఇంకొకడిదీ అయిన చోట తప్పు ఎవరి నెత్తిన పడాలి? మన దేశంలో ఈ ప్రశ్నకి జవాబు చెప్పింది ఇప్పటిదాకా పనిముట్టు చేతిలో ఉన్నవాడే. చెయ్యి వైపు నుంచి జవాబు రావాలి.

మాది రాజాం పక్కన ఒక మాదిగపేట. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఆ తర్వాత విజయనగరం జిల్లా. జిల్లా మారింది గానీ పేట ఊరికి ఏ కొసన ఉందో ఆ కొసనే ఉంది. మా తాతది తోలు పని. చెప్పులు కుట్టేవాడు, డప్పు మూసేవాడు, అరకకి తోలు వారు కోసిచ్చేవాడు. మా అయ్య కంబారి. నేను ఎనిమిదో తరగతి మధ్యలో బడి వదిలి ఇంజన్ల షెడ్డులో చేరాను. వేసవిలో నూతుల మీద, గెడ్డల ఒడ్డున అయిదు హార్స్ పవర్ ఇంజన్లు డబడబా కొట్టుకునే రోజులవి. ఆ ఇంజన్లు తోడిన నీళ్ళలో ఒక్క చుక్క కూడా మా పేట భూమిలో పడలేదు. ఎందుకంటే మా పేటకి భూమి లేదు. అయినా ఇంజను ఆగిపోతే పిలుపు మాకే వచ్చేది.

మా తాతకి అక్షరం ముక్క రాదు. కానీ మెత్తని వస్తువుతో ఎలా మసలుకోవాలో ఆయనకి తెలిసినంతగా నేను చూసిన ఇంజనీర్లలో చాలామందికి తెలీదు. తోలుని ముందు నానబెట్టేవాడు. తోలు మందం చూసి ఆరె తీసేవాడు. లావు ఆరె పెడితే బెజ్జం చిరుగుద్ది. సన్నది పెడితే దారం దూరక, గుంజితే తోలు తెగుద్ది. "తోలు మాట ఇనాలిరా. మన బలం తర్వాత," అనేవాడు. ఈ జ్ఞానానికి ఏ బడిలోనూ పేరు లేదు. 1990లో మండల్ కమిషన్ సిఫార్సులకి ఎదురు తిరిగిన అగ్రకులాల విద్యార్థులు ఢిల్లీ రోడ్ల మీద చెప్పులు పాలిష్ చేసి, వీధులూడ్చి నిరసన తెలిపారు. మా తాత బతుకంతా పెట్టి నేర్చుకున్న పని వాళ్ళకి అవమానానికి గుర్తు. తమకి జరగబోయే అన్యాయం ఎంత పెద్దదో చూపించడానికి వాళ్ళకి దొరికిన బొమ్మ మా తాత.

ఇప్పుడు పానా సంగతికి వద్దాం. నోరు తెరిచి ఉండే ఫిక్స్ పానా నట్టుని రెండు ముఖాల మీదే పట్టుకుంటుంది. గుంజినప్పుడు బరువంతా రెండు మూలల మీద పడుతుంది. ఉక్కు నట్టయితే ఓర్చుకుంటుంది. ఇత్తడి ఓర్చుకోదు. నోరు పెంచి తగ్గించుకునే స్క్రూ పానా ఇంకా అన్యాయం. దాని దవడ వదులు, ఎంత బిగించినా కొంత ఆడుతూనే ఉంటుంది. రింగు పానా ఆరు మూలల్నీ ఒక్కసారే పట్టుకుంటుంది. కానీ గొట్టానికి తగిలించి ఉన్న నట్టుకి రింగు దూరదు, గొట్టం అడ్డమొస్తుంది. అందుకే గొట్టం పట్టేంత సందు విడిచిన రింగు ఒకటుంది. గొట్టం మీదుగా దించి నట్టు మీదకి జరిపితే ఆరింట్లో అయిదు ముఖాలని చుట్టి పట్టుకుంటుంది. కంపెనీలు దాన్ని ఫ్లేర్ నట్ స్పానర్ అని అమ్ముతాయి. మేం కోసిన రింగు అంటాం.

కొలత గొడవ ఇంకొకటి. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం వచ్చింది 1956లో. కానీ అంగుళాల నట్లు ఆ చట్టం చదువుకోలేదు. చట్టం వచ్చిన ముప్పై ఏళ్ళకి కూడా మా షెడ్లలోకి వచ్చే ఇంజన్లలో అంగుళాల నట్లుండేవి. అరంగుళం నట్టు ముఖం నుంచి ముఖానికి 12.7 మిల్లీమీటర్లు. దానికి 13 పానా పెడితే 0.3 మిల్లీమీటరు వదులు. కంటికి కనపడని ఈ వదులు చాలు, మెత్తని మూల చితికిపోవడానికి. చూసేవాడికి పానా సరిపోయినట్టే ఉంటుంది. తిప్పేవాడి చేతికి మాత్రం తెలుస్తుంది, పట్టు లేదని.

నేను మొదట చేరిన షెడ్డులో మంచి రింగు పానాల సెట్టు ఉండేది. అది ఓనరు పెట్టెలో, తాళం కింద. మా చేతికిచ్చేది దవడ అరిగిపోయిన స్క్రూ పానా ఒక్కటి. పై కులాల కుర్రాళ్ళకి పెట్టె తీసేవాడు. మాకు తీసేవాడు కాదు. "మీ చేతికిస్తే మళ్ళీ పెట్టెలోకి వస్తాయేటి?" అనేవాడు. ఎదురుగా టీ బడ్డీలో మా గ్లాసులు వేరే ఉండేవి. అక్కడ గ్లాసు వేరు, ఇక్కడ పానా వేరు. గ్లాసు వేరైతే మనసు కాలుతుంది. పానా వేరైతే పని చెడుతుంది, చెడిన పని మన పేరు మీద రాసుకుంటారు. అంటరానితనం గురించి మాట్లాడేటప్పుడు మనం రెండు గ్లాసుల గురించి మాట్లాడతాం, మాట్లాడాలి కూడా. రెండు పానాల గురించి మాట్లాడింది తక్కువ.

1988 వేసవిలో ఒకరోజు ఫిల్టరు దగ్గర ఇత్తడి నట్టు విప్పమని నాకు ఆ స్క్రూ పానా ఇచ్చాడు. పెట్టి చూశాను. ఆడుతోంది. "ఇది జారిపోద్ది బాబూ, రింగు ఇప్పించండి," అన్నాను. "సెప్పులు కుట్టుకునే జాతికి ఇంజన్ల సంగతి ఏటి తెలుసురా?" అన్నాడు. నేను తిప్పలేదు. పానా కింద పెట్టాను. నా పక్కనున్న గుంటడు, మా పేటవాడే, నాకన్నా రెండేళ్ళు చిన్నోడు, వాడికిచ్చాడు. వాడు భయంతో తిప్పాడు. నట్టు గుండ్రమైపోయింది. వాడి వారం కూలి కోసేశాడు. నాతో అన్నమాట ఇది: "ఆడలేనమ్మ మద్దెల ఓడు అన్నాదట. నీదీ అంతే."

ఆ సామెత మీద నేను చాలా ఏళ్ళు ఆలోచించాను. తెలుగువాళ్ళు ఎంతో తెలివైనదనుకునే సామెత అది. పని రానివాడు పనిముట్టు మీద నెపం పెడతాడని దాని అర్థం. సరే. కానీ ఆ సామెతలో ఒక్కడు కూడా లేచి మద్దెల దగ్గరకి వెళ్ళి చూడడు. మద్దెల నిజంగానే ఓడైతే? ఆడేది ఆడమనిషి కాబట్టి, ఆమె మాట అబద్ధమని ముందే తీర్పైపోయింది. మద్దెల బాగుందో లేదో తేల్చాలంటే ఎవర్ని పిలవాలి? మద్దెలకి తోలు మూసినవాణ్ణి పిలవాలి. అంటే మా తాతని. ఆయన వేలితో ఒక్కసారి తట్టి చెప్పేవాడు, ఎక్కడ పగిలిందో. సామెతని తయారుచేసినవాళ్ళు ఆడేవాళ్ళని నమ్మలేదు, మద్దెల మూసినవాణ్ణి పిలవలేదు. చూస్తూ కూర్చున్నవాళ్ళే తీర్పు చెప్పారు. మన మీద వచ్చే తీర్పులన్నీ ఇలాగే వస్తాయి.

తర్వాత నేను ఒక సాయిబు షెడ్డులో చేరాను. పైన చెప్పిన ఒక్క మనిషి ఆయనే. చేరిన మొదటి వారంలోనే ఇంకో కుర్రాడి చేతిలో నట్టు జారింది. ఆయన వచ్చి కుర్రాడి మొహం చూళ్ళేదు, చెయ్యి చూశాడు. "ఏ పానా ఇచ్చార్రా నీకు?" అని అడిగాడు. పాత రింగు పానా ఒకటి తీసి, గొట్టం పట్టేంత సందు గ్రైండరు మీద కోసి, అంచులు నున్నగా అరగదీసి వాడి చేతిలో పెట్టాడు. "బేటా, ఇత్తడితో కుస్తీ పట్టకు. ముందు చుట్టూ పట్టుకో. అప్పుడు ఎంత బలముంటే అంత పెట్టు," అన్నాడు.

ఆయన దగ్గర నేర్చుకున్నవి కొన్ని చెప్తాను. ఇవి పని నియమాలే. ఒకటి, నట్టుని ముందు వేళ్ళతోనే మూడు నాలుగు చుట్లు ఎక్కించాలి. వేళ్ళతో ఎక్కకపోతే మర అడ్డం పడిందన్నమాట. అప్పుడు పానా పట్టుకుంటే మర తెగిపోద్ది. రెండు, ఎప్పుడూ రెండు పానాలు పట్టాలి. ఒకటి నట్టుని తిప్పేది, ఇంకొకటి ఎదుటి భాగాన్ని కదలకుండా పట్టుకునేది. రెండోది లేకపోతే నట్టుతోపాటు రాగి గొట్టం మెలికపడి చిట్లుతుంది. మూడు, కారుతోంది కదా అని ఇంకా ఇంకా బిగించకూడదు. గొట్టం కొసన వెడల్పు చేసిన రాగి అంచు నలిగి పల్చబడి, ఉన్న కారుడు పెద్దదవుతుంది. విప్పి అంచు చూడాలి. నాలుగు, పట్టేసిన నట్టుకి కిరసనాయిలు పోసి కాసేపు ఆగాలి.

బిగింపు సరిగా లేకపోతే ఏమవుతుంది? పంపు లాగే వైపు సందుంటే డీజిలు బయటికి కారకపోయినా గాలి లోపలికి పోతుంది. ఇంజను దగ్గుతూ దగ్గుతూ ఆగిపోతుంది. చేను ఎండుతుంది. పెట్రోలు బండి అయితే అంతకన్నా ఘోరం. వేడి ఇంజను మీద పెట్రోలు కారితే మంట. ఆ మంట ముందు పట్టుకునేది పానా కొన్న ఓనర్ని కాదు, వంగి పనిచేస్తున్న కుర్రాణ్ణి. కాబట్టి సరైన పానా అడగడం అందం కోసమో, సుఖం కోసమో కాదు. ప్రాణం కోసం.

మెత్తని లోహం ఎందుకు పెట్టారు, ఉక్కు పెడితే పోద్ది కదా అని కొందరు అడుగుతారు. ఇత్తడి మెత్తన కాబట్టే ఎదుటి ముఖానికి ఒదిగి, సందు లేకుండా కూర్చుంటుంది. తుప్పు పట్టదు. దాని మెత్తదనమే దాని పని. జారిపోయాక "ఇది సరుకే మంచిది కాదు" అని తిట్టేవాడు, ఆ మెత్తదనం వల్లే తన ఇంజను ఇన్నాళ్ళూ కారకుండా నడిచిందని మర్చిపోతాడు. రాగి వాషరు సంగతి ఇంకా విచిత్రం. నలిగి నలిగి, అదిరి అదిరి రాగి గట్టిపడిపోతుంది. గట్టిపడితే ఒదగదు, కారుతుంది. దాన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మళ్ళీ మెత్తబడుతుంది. ఉలికి వాడే ఉక్కుని అలాగే ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే గట్టిపడుతుంది. అదే నిప్పు, అవే నీళ్ళు. ఒకదానికి చేసిన న్యాయం ఇంకొకదానికి పనికిరాదు. అందరికీ ఒకే పరీక్ష, ఒకే కొలత, అదే సమానత్వం అని వాదించేవాళ్ళని ఒక్కరోజు కొలిమి దగ్గర కూర్చోబెట్టాలనిపిస్తుంది.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. మొదటిది పైవాళ్ళది. "చేయి తిరిగినవాడు ఏ పానాతోనైనా తీస్తాడు," అంటారు. నిజమే. ఫిక్స్ పానాతో, బొటనవేలు ఆనించి, మూల జారకుండా తీసే మేస్త్రీల్ని నేనూ చూశాను. కానీ వందసార్లు తీసినవాడి చేతిలో కూడా నూటొకటోసారి జారుతుంది. ఒక్కడి నేర్పు చూపించి మిగతావాళ్ళందరికీ అరిగిన పానా ఇవ్వడం ఏం న్యాయం? "మీలో ఫలానావాడు అదే బళ్ళో చదివి ఆఫీసరయ్యాడు కదా, నీకేం రోగం?" అనే మాటా ఇలాంటిదే. మనలో గెలిచిన ఒక్కణ్ణి మనందరి మీద సాక్షిగా నిలబెడతారు. ఆ ఒక్కడు ఎన్నిసార్లు వేళ్ళు చితక్కొట్టుకున్నాడో ఎవడూ అడగడు.

రెండో అభ్యంతరం మనవాళ్ళది. ఉద్యమంలో ఉన్న మిత్రులు కొందరు, "మెత్తగా పట్టుకో, ఓపిక పట్టు అని చెప్తున్నావా? ఇదేగా తరాలుగా మనకి చెప్పింది," అంటారు. ఈ మాట నాకు గట్టిగా తగిలింది. శ్రీకాకుళం నేల 1960ల చివర్లో ఎలాంటి పోరాటం చూసిందో తెలిసినవాణ్ణి. అణిగి ఉండమని చెప్పడానికి నాకు నోరెలా వస్తుంది? కానీ నేను చెప్పేది అది కాదు. తుప్పు పట్టి కూరుకుపోయిన పిన్ను తీయాలంటే సమ్మెటే కావాలి, నేనే కొడతాను. ఇత్తడి నట్టు దగ్గర కూడా బలం వద్దని అనడం లేదు. రింగు పానా బలాన్ని తగ్గించదు. అదే బలాన్ని ఆరు మూలలకీ పంచుతుంది. రెండు మూలల మీదే పడితే చితికిపోయే లోహం, ఆరింటికీ పంచితే ఆ బరువునే మోస్తుంది. ఊరి బరువంతా రెండు మూలల మీద, మాలపేట మీదా మాదిగపేట మీదా వేసి, ఆ మూలలు అరిగాయని నవ్వేవాడికి చెప్పాల్సింది ఇదే. మేం బరువు మొయ్యమని అనడం లేదు. పంచమంటున్నాం.

అంబేద్కర్ 1936లో 'కులనిర్మూలన'లో చెప్పిన మాట మీకు తెలిసిందే. కులం పనిని మాత్రమే విభజించలేదు, పనిచేసే మనుషుల్ని విభజించి మెట్ల మీద నిలబెట్టింది. నేను దానికి షెడ్డు నుంచి ఒక ముక్క చేరుస్తాను. మనుషుల్ని విభజించినవాడే పనిముట్లనీ విభజించాడు. భూమి వాడిది, నాగలి మనం పట్టాలి. పెట్టె వాడిది, పానా మనం తిప్పాలి. అడిగితే ఏమవుతుందో మా రాజాం చుట్టుపక్కలవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. మడ్డువలస రిజర్వాయరు కోసం సర్కారు తీసుకున్నా మునగకుండా మిగిలిన భూమిని దున్నుకున్నందుకు, 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో అయిదుగురు దళితుల్ని చంపేశారు. పానా అడిగితే కూలి పోతుంది. భూమి అడిగితే ప్రాణం పోయింది. రెండు చోట్లా కోపం ఒకటే. చెయ్యిగా ఉండాల్సినవాడు పనిముట్టు అడిగాడన్న కోపం.

అయితే తప్పంతా ఇచ్చినవాడిదేనా, తిప్పినవాడికి ఏ బాధ్యతా లేదా? ఉంది. తెలియక తిప్పినవాడికి లేదు. భయంతో తిప్పిన ఆ గుంటడికి లేదు. వాడి ఇంట్లో ఆ వారం కూలితోనే గంజి కాగాలి. పట్టు లేదని చేతికి తెలిశాక, వద్దనే వీలు కొంచెమైనా ఉన్నవాడికి మాత్రం ఒక బాధ్యత ఉంది. ఆ పానా కింద పెట్టాలి. "ఇది పనికిరాదు, సరైనది ఇవ్వు," అనాలి. అది సోమరితనం కాదు, పొగరు కాదు. పని మీద గౌరవం ఉన్నవాడే అలా అనగలడు. ఒక్కడు అంటే పక్కవాడి చేతికిస్తాడు, నా కళ్ళ ముందే జరిగింది. షెడ్డులో ఉన్న నలుగురూ ఒకేసారి పానా కింద పెడితే పెట్టె తాళం తెరవక తప్పదు. సంఘం ఎందుకు కావాలో నాకు పుస్తకాల కన్నా ముందు ఆ స్క్రూ పానా నేర్పింది.

విద్యార్థులకి ఒక మాట. మీరు రేపు టీచర్లవుతారు, ఆఫీసర్లవుతారు, ఇంజనీర్లవుతారు. ఒక పిల్లడు తప్పాడని, ఒక కూలీ పని చెడగొట్టాడని మీ ముందుకి కాగితం వస్తుంది. కాగితంలో "ఎవరు తిప్పారు" అన్నది రాసి ఉంటుంది. ఏ పానా ఇచ్చారో రాసి ఉండదు. అది మీరు లేచి వెళ్ళి చూడాలి. మద్దెలని తట్టి చూడాలి. మూసినవాణ్ణి పిలిచి అడగాలి. ఇది దయ కాదు, విచారణ. ఈ విచారణ లేకుండా ఇచ్చే తీర్పు ఎంత మర్యాదగా రాసినా ఆ ఓనరు కేకే.

ఇప్పుడు ఊళ్ళలో కరెంటు మోటార్లు వచ్చి డీజిలు ఇంజన్ల చప్పుడు తగ్గింది. మా షెడ్డుకి ట్రాక్టర్లు, జనరేటర్లు ఎక్కువొస్తున్నాయి. మెత్తని నట్లు ఇంకా ఉన్నాయి, అరిగిన పానాలు ఇంకా ఉన్నాయి. నా దగ్గర ముగ్గురు కుర్రాళ్ళు పనిచేస్తారు. ఒకడు మా పేటవాడు, ఒకడు రెల్లి, ఒకడు వెలమ. పానాల పెట్టె గోడ పక్కన తెరిచి ఉంటుంది. అంగుళాలవి ఒక వరస, మిల్లీమీటర్లవి ఒక వరస, కోసిన రింగులు మేకులకి వేలాడతాయి. ఎవడికి ఏది కావాలో వాడే వెళ్ళి తెచ్చుకుంటాడు. ఇన్నేళ్ళలో రెండు పానాలు పోయాయి. కొత్తవి కొన్నాను. పెట్టెకి తాళం వేయలేదు.